జారనివ్వాలా, ఆపాలా? స్పోర్ట్స్ కార్లలో ట్రాక్షన్, స్టెబిలిటీ కంట్రోల్

ఫెరారీ 296 జీటీబీ స్టీరింగ్ మీద, కుడి బొటనవేలికి అందేచోట చిన్న ఎర్రటి మీట ఒకటి ఉంటుంది. కంపెనీ దానికి పెట్టిన పేరు మానెట్టీనో. అయిదు స్థానాలు: వెట్, స్పోర్ట్, రేస్, సీటీ ఆఫ్, ఈఎస్‌సీ ఆఫ్. మీటను నాలుగో స్థానానికి తిప్పితే ట్రాక్షన్ కంట్రోల్ తప్పుకుంటుంది. 830 హార్స్‌పవర్ ఉన్న ఆ కారులో మలుపు మధ్య యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ఉత్తినే తిరిగి పొగ లేపుతాయి, కారు వెనక భాగం పక్కకు వస్తుంది. కంప్యూటర్ చూస్తూ ఊరుకుంటుంది. కానీ ఆ జారుడు చేయిదాటి కారు గిర్రున తిరిగిపోయేలా ఉంటే మాత్రం స్టెబిలిటీ కంట్రోల్ అడ్డుపడి, బ్రేకులు వేసి దారికి తెస్తుంది. అయిదో స్థానంలో ఆ రక్షణా ఉండదు.

నాలుగో స్థానానికీ అయిదో స్థానానికీ మధ్య ఉన్న ఈ తేడాను షోరూముల్లో ఎవరూ విడమరిచి చెప్పరు. ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ కంట్రోల్ రెంటినీ ఒకే గాటన కట్టి ‘భద్రతా ఫీచర్లు’ అనేస్తారు. నిజానికి వాటి పుట్టుక వేరు, పని వేరు, పనిముట్లు వేరు. పైగా ఒకే పేరున్న వ్యవస్థ పోర్షాలో ఒకలా, కార్వెట్‌లో ఒకలా, మెక్‌లారెన్‌లో మరోలా నడుచుకుంటుంది. కాబట్టి ఒక స్పోర్ట్స్ కారు గురించి ‘ఇందులో స్టెబిలిటీ కంట్రోల్ ఉంది’ అని చెప్తే దాదాపు ఏమీ చెప్పనట్టే. ఎంత జారనిస్తుంది, ఎంత ముందుగా కలగజేసుకుంటుంది, దేనితో సరిదిద్దుతుంది అన్న మూడు ప్రశ్నలు అడిగితే గానీ సంగతి తేలదు.

ముందు టైరు సంగతి చూద్దాం. టైరుకున్న పట్టు నెల జీతం లాంటిది. కారును ముందుకు తోయడానికి ఎక్కువ ఖర్చుపెడితే పక్కకు తిప్పడానికి మిగిలేది తక్కువ. మలుపులో ఉన్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే వెనక భాగం జారేది అందుకే. మరో విశేషం, టైరు అసలు జారకుండా ఉంటే గరిష్ఠమైన పట్టు ఇవ్వదు. పొడి తారురోడ్డు మీద చక్రం కారు వేగం కన్నా దాదాపు పది, పదిహేను శాతం ఎక్కువగా తిరుగుతున్నప్పుడు ముందుకు తోసే బలం పతాకస్థాయికి చేరుతుంది. అది దాటితే పట్టు పడిపోతుంది. మామూలు కుటుంబ కారులో ట్రాక్షన్ కంట్రోల్ ఈ శిఖరానికి బాగా ఇవతలే ఆగిపోతుంది. స్పోర్ట్స్ కారులో శిఖరం మీదే నిలబెట్టాలని చూస్తుంది. రెంటి మధ్య తేడా ఇక్కడే మొదలవుతుంది.

ట్రాక్షన్ కంట్రోల్ చూసేది ఒక్కటే: ఇంజిను తిప్పే చక్రాలు మిగతా చక్రాల కన్నా ఎంత వేగంగా తిరుగుతున్నాయని. హద్దు మీరితే స్పార్క్ ఆలస్యం చేస్తుంది, ఇంధనం కోస్తుంది, థ్రాటిల్ మూస్తుంది, అవసరమైతే ఆ చక్రానికి కాస్త బ్రేకు వేస్తుంది. కారు ఏ దిక్కుకు పోతోందన్నది దాని బాధ్యత కాదు.

స్టెబిలిటీ కంట్రోల్‌ది అదే బాధ్యత. స్టీరింగ్‌ను డ్రైవరు ఎంత తిప్పాడు, కారు తన నిలువు అక్షం చుట్టూ ఎంత వేగంగా తిరుగుతోంది, పక్కకు ఎంత బలం పడుతోంది అన్నవి వేర్వేరు సెన్సార్లు చెబుతుంటాయి. డ్రైవరు అడిగినదీ కారు చేస్తున్నదీ ఒకటేనా అని బాష్ కంపెనీ వ్యవస్థ సెకనుకు 25 సార్లు సరిపోల్చుకుంటుంది. ఎడమ మలుపులో వెనక భాగం బయటికి జారిందనుకుందాం. అప్పుడది కుడివైపు ముందు చక్రానికి మాత్రమే బ్రేకు వేస్తుంది. ఆ ఒక్క చక్రం కారు ముక్కును మళ్లీ బయటివైపు లాగి తిరగడాన్ని ఆపుతుంది. అదే ఎడమ మలుపులో ముక్కు తిరగనని మొరాయించి కారు నేరుగా పోతుంటే ఎడమవైపు వెనక చక్రాన్ని పట్టుకుంటుంది. మనిషికి ఉన్నది ఒక్కటే బ్రేకు పెడల్. నాలుగు చక్రాలకు విడివిడిగా బ్రేకు వేయడం ఎంతటి రేసరుకైనా సాధ్యం కాదు. స్టెబిలిటీ కంట్రోల్ బలమంతా అక్కడే ఉంది.

ఈ రెంటిలో ట్రాక్షన్ కంట్రోల్‌ది పెద్ద వయసు. అమెరికాలో బ్యూయిక్ 1971లోనే మ్యాక్స్‌ట్రాక్ పేరుతో ఒకటి తెచ్చింది. అది చక్రాల వేగం పోల్చి, ఇగ్నిషన్‌ను తుంచి, ఇంజిను బలాన్ని తగ్గించేది. 1978లో బాష్ ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లోకి వచ్చాక చక్రాల వేగాన్ని నమ్మకంగా కొలిచే ఏర్పాటు కుదిరింది. మిగతా కథంతా దాని మీద లేచిందే. 1992లో కార్వెట్‌కు బాష్ ట్రాక్షన్ కంట్రోల్ అమర్చారు. అప్పటికి యాక్సిలరేటర్‌కూ ఇంజినుకూ మధ్య ఉన్నది తీగే కాబట్టి, వ్యవస్థ పనిచేసినప్పుడు పెడల్ డ్రైవరు పాదాన్ని వెనక్కి నెట్టేది. ఇప్పుడంతా నిశ్శబ్దంగా, తెర వెనక జరిగిపోతోంది. కారు తనకు ఎదురు చెబుతోందని పాదానికి తెలిసే ఆ పాత పద్ధతిలో ఒక నిజాయితీ ఉండేది.

స్టెబిలిటీ కంట్రోల్ 1995లో మెర్సిడెస్ ఎస్ 600 కూపేతో రోడ్డెక్కింది. స్పోర్ట్స్ కార్ల ప్రపంచం మొదట్లో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకునేలా చేసింది ఆడి టీటీ. 1998లో వచ్చిన ఆ గుండ్రటి కూపే చూడముచ్చటగా ఉండేది. కానీ జర్మనీ ఆటోబాన్ మీద అధిక వేగంలో వరుసగా ప్రమాదాలు జరిగాయి. చివరకు కంపెనీ కార్లను వెనక్కి పిలిచి వెనక స్పాయిలర్ బిగించి, సస్పెన్షన్ మార్చి, స్టెబిలిటీ కంట్రోల్ చేర్చాల్సి వచ్చింది. అందం చూసి కొనేవాళ్లందరికీ మెలకువలు తెలిసి ఉండవన్న సంగతి పరిశ్రమకు ఖరీదైన పద్ధతిలో బోధపడింది.

ఆపైన చట్టాలు వచ్చాయి. అమెరికాలో 2012 మోడల్ నుంచి తేలికపాటి వాహనాలన్నిటికీ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. యూరప్‌లో 2014 నవంబరు నాటికి కొత్త కార్లన్నిటికీ వర్తించింది. మన దేశంలో 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో మూడు నక్షత్రాలు, అంతకు మించి రావాలంటే ఇది ఉండి తీరాలి. అమెరికా నిబంధనలో స్పోర్ట్స్ కార్ల వాళ్లను విసిగించే ఒక షరతుంది: డ్రైవరు ఆపేసినా సరే, ఇంజిను మళ్లీ స్టార్ట్ చేయగానే వ్యవస్థ తనంతట తాను ఆన్ కావాలి. ట్రాక్ మీదికి వెళ్లిన ప్రతిసారీ బటన్ నొక్కాల్సి రావడానికి కారణం ఇదే. విసుగు సంగతి ఎలా ఉన్నా, అమెరికా రహదారి భద్రతా బీమా సంస్థ అధ్యయనాల్లో ఒంటరి వాహనాల ప్రాణాంతక ప్రమాదాలు దీనివల్ల దాదాపు సగానికి తగ్గాయని తేలింది. అలాంటి ఫలితమిచ్చిన పరికరాలు సీటుబెల్టు తర్వాత చాలా తక్కువ.

చట్టానికి చివరిదాకా దొరకకుండా తిరిగింది డాడ్జ్ వైపర్. ముందు పెద్ద వీ10 ఇంజిను, వెనక లావాటి టైర్లు, మధ్యలో డ్రైవరు ధైర్యం తప్ప ఇంకేమీ లేని కారు అది. ఏబీఎస్ కూడా 2001లో గానీ రాలేదు. 2010లో ఉత్పత్తి ఆగి, 2013 మోడల్‌గా తిరిగి వచ్చినప్పుడు స్టెబిలిటీ కంట్రోల్ పెట్టక తప్పలేదు. పోర్షా కరేరా జీటీది మరో తరహా. 612 హార్స్‌పవర్ ఉన్న ఆ కారులో ట్రాక్షన్ కంట్రోల్ ఉంది, స్టెబిలిటీ కంట్రోల్ లేదు. ఒకటి ఉండి రెండోది లేకపోవడం అంటే ఏమిటో ఆ కారును చూస్తే తెలుస్తుంది. యాక్సిలరేటర్ మీద తొందరపడితే కంప్యూటర్ కాచుకుంటుంది. కానీ మలుపు మధ్యలో భయపడి కాలు తీసేసినందుకో, ఎత్తుపల్లం మీద కుదుపు తగిలినందుకో వెనక భాగం జారితే దిక్కులేదు. ఎందుకంటే అప్పుడు చక్రాలు ఇంజిను బలంతో జారడం లేదు.

పోర్షా 911 కుటుంబంలోనే ఈ మార్పును దశలవారీగా చూడొచ్చు. 1998లో 996 తరం కరేరా 4కు పీఎస్ఎం అనే స్టెబిలిటీ కంట్రోల్ వచ్చింది. అదే తరం జీటీ3కి మాత్రం ఏబీఎస్ తప్ప ఏమీ ఇవ్వలేదు. 2006 నాటి 997 జీటీ3కి ట్రాక్షన్ కంట్రోల్ చేరింది. 2009లో గానీ జీటీ3కి స్టెబిలిటీ కంట్రోల్ రాలేదు. వచ్చినప్పుడు కూడా రెండు బటన్లతో వచ్చింది. ఒకటి స్టెబిలిటీని మాత్రమే ఆపుతుంది, రెండోది ట్రాక్షన్‌నూ కలిపి ఆపుతుంది. ఇప్పటి 992 జీటీ3 ఆర్‌ఎస్‌లో స్టీరింగ్ మీదే వీటికి తిప్పుడు బటన్లు ఉన్నాయి.

పోర్షా ఆపే వరుస ఫెరారీకి సరిగ్గా తిరగేసి ఉండటం గమనించాలి. ఫెరారీలో ముందు ట్రాక్షన్ కంట్రోల్ పోతుంది, తర్వాత స్టెబిలిటీ. పోర్షాలో ముందు స్టెబిలిటీ పోతుంది, ట్రాక్షన్ మిగులుతుంది. దీనికి ఇంజిను ఉన్న చోటే కారణమని అనుకోవచ్చు. 911లో ఇంజిను వెనక ఇరుసు దాటి ఉంటుంది. బరువంతా నడిపే చక్రాల మీదే పడటంతో మలుపు నుంచి బయటపడేటప్పుడు అది పెద్దగా చక్రాలు జార్చదు. దాని అసలు చాపల్యం యాక్సిలరేటర్ వదిలినప్పుడు బయటపడుతుంది. ట్రాక్ మీద అనుభవమున్న డ్రైవరు ఆ గుణాన్నే వాడుకుని ముక్కును తిప్పుకుంటాడు. అందుకే అతనికి ముందుగా అడ్డొచ్చేది స్టెబిలిటీ కంట్రోలే. ఇంజిను మధ్యలో ఉన్న ఫెరారీ తిరగడం మొదలుపెడితే చాలా చురుగ్గా తిరిగిపోతుంది. అందుకని అక్కడ ఆ చివరి వలను ఆఖరిదాకా తీయనివ్వరు.

అమెరికన్ల లెక్క వేరు. వాళ్లు స్టాప్‌వాచ్‌ను నమ్ముతారు. 2010 కార్వెట్ జడ్ఆర్1తో పెర్ఫార్మెన్స్ ట్రాక్షన్ మేనేజ్‌మెంట్ అనే అయిదంచెల ఏర్పాటు తెచ్చారు. పై అంచెల్లో మలుపు దాటగానే డ్రైవరు యాక్సిలరేటర్‌ను నేలకు తొక్కేయొచ్చు. టైరు ఎంత మోయగలదో అంతే బలాన్ని కంప్యూటర్ పంపుతుంది. ఇది తప్పు సరిదిద్దే పెద్దమనిషి పని కాదు, సహడ్రైవరు పని. ఇందులో అన్నిటికన్నా తమాషా అయినది 2014 కమారో జడ్/28లో కనిపిస్తుంది. గట్టి మెరక మీద కారు ఎగిరినప్పుడు చక్రాలు గాల్లో ఉత్తినే తిరుగుతాయి. మామూలు ట్రాక్షన్ కంట్రోల్ దాన్ని జారుడనుకుని ఇంజిను బలం కోసేస్తుంది. కారు నేలను తాకేసరికి చేతిలో బలం ఉండదు, కాలం వృథా. అందుకని ఇంజినీర్లు సస్పెన్షన్ ఎత్తు కొలిచే సెన్సార్లతో కారు గాల్లో ఉందో లేదో కనిపెట్టి, ఉంటే కోత పెట్టొద్దని కంప్యూటర్‌కు నేర్పారు. దానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు ‘ఫ్లయింగ్ కార్’.

జర్మన్లు అంచెలు పెంచుకుంటూ పోయారు. మెర్సిడెస్ ఏఎంజీ జీటీ ఆర్‌లో డాష్‌బోర్డు మధ్య పసుపుపచ్చ గుండీ ఒకటుంది. స్టెబిలిటీ కంట్రోల్ పూర్తిగా ఆపేశాక తొమ్మిది అంచెల్లో ట్రాక్షన్ కంట్రోల్‌ను సర్దుకోవడానికే అది. బీఎండబ్ల్యూ ఎం3, ఎం4లలో పది అంచెలు. పది అంచెల మధ్య తేడా పసిగట్టగలిగే యజమానులు ఎందరన్నది వేరే విషయం. బీఎండబ్ల్యూ చేసిన అసలు మేలు మరొకటుంది. అంతకుముందు జారుడు లెక్క బ్రేకుల కంప్యూటర్‌లో జరిగి, అక్కడి నుంచి ఆదేశం ఇంజిను కంప్యూటర్‌కు వెళ్లేది. ఆ లెక్కను నేరుగా ఇంజిను కంప్యూటర్‌లోనే పెట్టేసరికి దారి తగ్గింది, స్పందన చురుకైంది. ఈ పద్ధతి ముందుగా ఐ3 ఎస్ అనే చిన్న విద్యుత్ కారులో వచ్చి, తర్వాత ఎం కార్లకు పాకింది. అంచెల సంఖ్య కన్నా డ్రైవరుకు తెలిసేది ఇదే. జారాక పట్టుకునే వ్యవస్థ మెడ పట్టి ఆపినట్టుంటుంది. జారబోతుండగా సర్దే వ్యవస్థ పనిచేసినట్టే తెలియదు.

మూడో ప్రశ్న పనిముట్లది. ఇక్కడ మెక్‌లారెన్ కథ చెప్పుకోకుండా ముందుకు పోలేం. 1997లో మెక్‌లారెన్ ఫార్ములా వన్ కార్లలో రహస్యంగా అదనపు బ్రేకు పెడల్ ఒకటి పెట్టారు. అది ఒకవైపు వెనక చక్రాన్ని మాత్రమే పట్టి కారును మలుపులోకి తిప్పేది. మలుపు దాటాక ఆ కార్ల వెనక బ్రేకులు ఎర్రగా మెరవడం చూసి డారెన్ హీత్ అనే ఫొటోగ్రాఫరుకు అనుమానం వచ్చింది. నూర్‌బర్గ్‌రింగ్ రేసులో కార్లు ఆగిపోయినప్పుడు కెమెరాను కాక్‌పిట్‌లోకి దించి కాళ్ల దగ్గరి పెడళ్లను ఫొటో తీశాడు. గుట్టు రట్టయింది. 1998 సీజన్ మొదట్లోనే దాన్ని నిషేధించారు. అదే ఆలోచన 2011లో రోడ్డు కారు ఎంపీ4-12సీలో బ్రేక్ స్టీర్‌గా తిరిగి వచ్చింది. రెండు వెనక చక్రాల మధ్య బలాన్ని సర్దే లాకింగ్ డిఫరెన్షియల్‌ను మెక్‌లారెన్ 720ఎస్‌లోనూ పెట్టలేదు. ఉత్తినే తిరిగే చక్రానికి బ్రేకు వేసి బలాన్ని రెండో చక్రానికి మళ్లించడమే దాని పద్ధతి.

ఇది తేలిక, చవక, కాని ఉచితం కాదు. ఇంజిను ఇచ్చిన బలాన్ని బ్రేకుతో వేడిగా మార్చి పారేయడమే కదా. రోజంతా ట్రాక్ మీద తిప్పితే వెనక బ్రేకు ప్యాడ్లు ముందుగా అరిగిపోతాయి, వేడెక్కుతాయి. ఫెరారీ 2004లో ఎఫ్430తో ఈ-డిఫ్ అనే ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్‌ను రోడ్డు కార్లకు తెచ్చింది. పోర్షా పీటీవీ ప్లస్ అనే ఏర్పాటులో లోపలి వెనక చక్రానికి స్వల్పంగా బ్రేకు వేయడంతో పాటు ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్ లాక్ కూడా ఉంటుంది. ట్రాక్‌కు వెళ్లే కారు కొనేవాళ్లు అంచెలు లెక్కపెట్టేముందు డిఫరెన్షియల్ ఏదని అడగడం మంచిది. కంప్యూటర్ ఎంత తెలివైనదైనా దానికి దొరికిన చేతులు మొద్దువైతే పని మొద్దుగానే ఉంటుంది.

ఇక డ్రిఫ్ట్. కారు ముక్కు చూసే దిక్కుకూ కారు నిజంగా పోయే దిక్కుకూ మధ్య కోణమే దీనికి మూలం. దాన్ని నేరుగా కొలిచే ఆప్టికల్ పరికరాలు ఖరీదైనవి, పరీక్షల్లో వాడుకోవడానికే పరిమితం. రోడ్డు కారు ఆ కోణాన్ని మిగతా సెన్సార్ల నుంచి అంచనా కట్టాలి. అంచనా ఎంత నమ్మకమైనదైతే కారును అంత ధైర్యంగా జారనివ్వొచ్చు. 2013లో 458 స్పెచాలేతో ఫెరారీ ఈ కోణాన్ని లెక్కగట్టి, ఇంజిను బలాన్నీ డిఫరెన్షియల్‌నూ దానికి తగ్గట్టు నడిపించింది. 2018 నాటి 488 పిస్టాలో బ్రేకులనూ అందులో కలిపింది. 2017లో మెక్‌లారెన్ 720ఎస్ తెర మీద వేలితో జరిపే గీత పెట్టి, ఎంత జారాలో డ్రైవరునే ఎంచుకోమంది. బీఎండబ్ల్యూ ఎం4 అయితే డ్రిఫ్ట్ ఎంతసేపు సాగింది, ఏ కోణంలో సాగిందో కొలిచి మార్కులు వేస్తుంది! ఒకప్పుడు అదుపు తప్పడానికి గుర్తయిన జారుడే ఇప్పుడు ప్రగతి నివేదికకు ఎక్కింది. ఆ మార్కుల్లో డ్రైవరు వాటా ఎంత, కంప్యూటర్ వాటా ఎంత అన్నది మాత్రం నివేదికలో ఉండదు.

రేసింగ్ ప్రపంచం దీనికి ఎదురు దారిలో నడిచింది. 1993 నాటి విలియమ్స్ ఫార్ములా వన్ కారు ఎఫ్‌డబ్ల్యూ15సీలో ట్రాక్షన్ కంట్రోల్, ఏబీఎస్, యాక్టివ్ సస్పెన్షన్ అన్నీ ఉండేవి. మరుసటి ఏడాదికి వాటిని నిషేధించారు. నిషేధాన్ని ఎవరు పాటిస్తున్నారో సాఫ్ట్‌వేర్‌లో పట్టుకోవడం కష్టమై 2001లో ట్రాక్షన్ కంట్రోల్‌ను మళ్లీ అనుమతించారు. 2008లో అన్ని జట్లకూ ఒకే తరహా కంప్యూటర్ ఇచ్చి మళ్లీ తీసేశారు. ఫెరారీ 2006లో 599 జీటీబీకి ‘ఎఫ్1-ట్రాక్’ అని గర్వంగా పేరు పెట్టిన రెండేళ్లకే ఎఫ్1లో అది లేకుండా పోయింది. పేరు మాత్రం రోడ్డు మీద కొనసాగింది.

ఎలక్ట్రానిక్స్ ఎంత ముదిరినా టైరు ఇవ్వని పట్టును పుట్టించలేవు. ట్రాక్ కోసం చేసిన టైర్లు చల్లగా ఉన్నప్పుడు, తడిలో ఉన్నప్పుడు ఏ వ్యవస్థకైనా పని కష్టమే. దీనికి పోర్షా 992 తరంలో చక్కటి ఉపాయం చేసింది. ముందు చక్రాల గూళ్లలో శబ్దాన్ని పట్టే సెన్సార్లు పెట్టింది. టైర్లు చిమ్మిన నీళ్లు గూటికి తగిలే చప్పుడు విని, రోడ్డు తడిగా ఉందని కారు గ్రహిస్తుంది. ఏబీఎస్‌నూ స్టెబిలిటీ కంట్రోల్‌నూ ముందే అప్రమత్తం చేసి, వెట్ మోడ్‌కు మారమని డ్రైవరుకు సూచిస్తుంది. మారాల్సింది మాత్రం డ్రైవరే. చక్రం జారాక తెలుసుకోవడం నుంచి జారకముందే వినడం దాకా వచ్చిన ఈ ప్రయాణం, గుర్రపు బలాల పోటీ కన్నా ఎన్నో రెట్లు తెలివైనది.

విద్యుత్ కార్లతో అసలు రెండు వ్యవస్థల మధ్య గీతే చెరిగిపోతోంది. పెట్రోలు ఇంజిను బలం తగ్గాలంటే గాలి, ఇంధనం, స్పార్క్ అన్నీ మారాలి. మోటారుకు కరెంటు మారితే చాలు. రిమాక్ నెవెరాలో చక్రానికొక మోటారు. ఏ చక్రానికి ఎంత బలం ఇవ్వాలో సెకనుకు వందసార్లు లెక్క కడుతుంది. జారుడును ఆపేదీ, కారును తిప్పేదీ అదే లెక్క. 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఇ రేసు సందర్భంగా హైదరాబాద్‌కు వచ్చిన, మహీంద్రా సొంత సంస్థ చేసిన పినిన్‌ఫారినా బటిస్టాదీ నాలుగు మోటార్ల ఏర్పాటే. హ్యుందాయ్ ఐయానిక్ 5 ఎన్ అంత ఖరీదు లేకుండానే ముందు, వెనక ఇరుసుల మధ్య బలాన్ని పదకొండు అంచెల్లో పంచుకోనిస్తుంది.

వీటన్నిటి పక్కన మాజ్డా ఎంఎక్స్-5 చేసిన పని చిన్నదిగా కనిపిస్తుంది. మలుపులో గట్టిగా తిరిగేటప్పుడు లోపలి వెనక చక్రానికి లేతగా బ్రేకు తగిలిస్తే, సస్పెన్షన్ అమరిక వల్ల కారు ఆ మూల కిందికి లాగుకుని నిలకడగా ఉంటుందని గమనించి, 2022 మోడల్‌లో దాన్ని చేర్చింది. ఉన్న బ్రేకులు, ఉన్న సెన్సార్లే. మారింది సాఫ్ట్‌వేర్ మాత్రమే కాబట్టి బరువేమీ పెరగలేదు. ఐయానిక్ 5 ఎన్ బరువు దాదాపు 2,200 కిలోలు, ఎంఎక్స్-5ది దాదాపు అందులో సగం. మొదటిదానిలో సాఫ్ట్‌వేర్ రోజంతా ఆ బరువుతో కుస్తీ పడుతుంటే, రెండోదానిలో దానికి చాలాసేపు పనే ఉండదు.